మల్సూర్‌కు నచ్చని తుపాకులు

మోతె దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఆ ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది. సలహాలిచ్చేవాళ్లు మాత్రం పొద్దున ఆరింటికల్లా హోటల్ బెంచీ మీద తయారుగా ఉంటారు. వరికి అగ్గితెగులొస్తే ఒకరు, బర్రె పాలివ్వకపోతే ఒకరు, కోడలు అలిగి పుట్టింటికి పోతే ముగ్గురు. ఇన్ని శాఖలకు ఇంతమంది మంత్రులున్న ఆ ఊళ్లో తుపాకుల శాఖకు మాత్రం ఒక్కడే మంత్రి. ఆయన పేరు మల్సూర్. ఊరంతా పిలిచేది మిలిటరీ మల్సూర్ అని.

పందొమ్మిదో ఏట సూర్యాపేటలో బస్సెక్కి భర్తీకి పోయి, పదిహేడేళ్లు ఫౌజులో ఉండి, నాయక్ హోదాలో పింఛను పట్టుకొని తిరిగొచ్చాడు మల్సూర్. నాయక్‌గా దిగినవాణ్ని ఊరు మొదటి ఏడే హవల్దార్‌ని చేసింది. రెండో ఏడు సుబేదార్‌ని చేసింది. ఈమధ్య పెళ్లిపత్రికల మీద కెప్టెన్ అని కూడా వేస్తున్నారు. సర్కారు ఇయ్యని ప్రమోషన్లు ఊరు ఇస్తుంటే వద్దనడానికి ఆయనేమన్నా పిచ్చివాడా?

ముందరి గదిలో గోడకు ఒక ఫోటో ఉంది. అందులో మల్సూర్ పచ్చ దుస్తుల్లో, రొమ్ము విరుచుకొని, రైఫిలు పట్టుకొని నిలబడి ఉంటాడు. వెనకాల మంచుకొండలు. ఆ రైఫిలు కాపలా డ్యూటీలో ఉన్న ఒక పంజాబీ సిపాయిది. ఫోటో కోసం రెండు నిమిషాలు అడుక్కొని పట్టుకున్నది. మల్సూర్ సొంత ఆయుధాలు ఆ సమయంలో పటాలం వంటింట్లో పొయ్యి పక్కన ఉన్నాయి: ఒక గరిటె, ఒక రొట్టెల కర్ర. పదిహేడేళ్లూ ఆయన చేసింది వంట. ఏడాదికోసారి అందరితోపాటు వంటవాళ్లను కూడా మైదానానికి తోలుకపోయి పదో పదిహేనో గుండ్లు కాల్పించేవారు. మల్సూర్ గుండ్లు ఏ దిక్కుకు పోయేవో ఆ నేర్పే ఉస్తాదుకే తెలియాలి. నెయ్యి రాసిన రొట్టె రెండు ఎక్కువ పడతాయన్న ఆశతో ఆయన కళ్లు మూసుకొని పాస్ అని రాసేసేవాడు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందండీ? కడుపుకు పెట్టేవాడు లేకపోతే ఏ సిపాయి నిలబడతాడు? ఆ మాట ఊళ్లో దిగిన రోజే చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. "సరిహద్దుల ఎంతమందిని కొట్టినవే?" అని ఎవరన్నా అడిగితే ఆకాశం వంక చూసి, "అవన్ని చెప్పొద్దురా, సర్కారు ముచ్చట్లు," అనేవాడు. అసలు సంగతి తెలిసింది భార్య విజయ ఒక్కతికే. దావత్ అయిన ప్రతిసారీ తలుపులు మూసి యాటకూర వండేది మల్సూర్, మెచ్చుకోళ్లు అందుకునేది విజయ. ఆమెకేం పోయింది? ఆమె కూడా నోరు విప్పలేదు.

అట్లా హాయిగా గడిచిపోతుండగా ఆ ఏడు ఆషాఢంలో ఊరి మీద అడవిపందులు పడ్డాయి. గుట్ట కింద కంపచెట్లలో మంద కాపురం పెట్టింది. అప్పుడే మొలకెత్తిన మక్క చేలను సాళ్లకు సాళ్లు పెకిలించి పోయాయి. పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. సర్పంచ్ యుగంధర్ ముప్పై అయిదేళ్లవాడు, ఏం మాట్లాడినా ఎవరో ఒకరు సెల్‌ఫోనులో తీస్తేగాని మాట్లాడడు. పంచాయతీ అనుమతిస్తే లైసెన్సున్న షూటరు పందుల్ని కొట్టొచ్చని, కొట్టినవాటిని పాతిపెట్టాలే గాని తినకూడదని చదివి వినిపించాడు. తినకూడదు అనేసరికి సగం మంది లేచిపోయారు. మిగిలిన సగం మల్సూర్ వైపు తిరిగారు.

"మనూర్లనే ఇంత పెద్ద షూటర్‌ను పెట్టుకోని బయటోళ్లెందుకు? మామా, నువ్వే తుపాకి పట్టాలె," అన్నాడు యుగంధర్.

అప్పుడన్నా "వారీ, నేను వంటోన్నిరా," అంటే సరిపోయేది. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మూడు రోజులు నవ్వి నాలుగో రోజు ఇంకొకణ్ని పట్టుకుంటారు. కానీ ఈలోపు చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు పడ్డాక నిజం చెప్పినవాణ్ని ఆ మండలంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. మల్సూర్ గొంతు సవరించుకున్నాడు.

"కొట్టుడు పెద్ద ముచ్చట కాదు. ఏ రైఫిల్‌తోని కొడ్తమన్నదే ముచ్చట," అన్నాడు.

అక్కడ అంటుకుంది రోగం.

"గట్టు మీద మంచెకాడి నుంచి కంపచెట్లదాక నూటయాభై గజాలుంటది. దీన్ని మీడియం రేంజ్ అంటరు. గీడ పన్నెండు బోరు తుపాకి పనికిరాదు. దాని సన్న గుండ్లు, ఛర్రాలు, చెదిరిపోతయ్. నలభై గజాలు దాటితే పందికి చక్కిలిగింతలే. ఇరవై రెండు బోరా? అది పిట్టల తుపాకి. పంది ఒళ్లు గోక్కోని పోతది."

"మరి ఏది కావాలె మామా?"

"అదే సూడాలె. గుండు బరువు, నాళం పొడుగు, గాలి వాటం, అన్ని కుదరాలె. తొందరపడితే అయ్యే పని కాదు."

ఇవన్నీ ఆయనకెలా తెలుసంటారా? పదిహేడేళ్లు రొట్టెలు వడ్డిస్తూ నిలబడితే సిపాయిల ముచ్చట్లు చెవిన పడవా? మిగిలినవి సెల్‌ఫోను నేర్పింది. ఊరికి మాత్రం ఆ మాటలు మంత్రాల్లా వినిపించాయి. వారం తిరిగేసరికి పిల్ల సంబంధం ఎట్లాంటిదని అడిగినా "మీడియం రేంజ్‌ల ఉన్నరు," అనడం మొదలుపెట్టారు.

ఈదమ్మకు ఇది నవ్వులాట కాదు. మొగుడు పోయాక గుట్ట కింద రెండెకరాలు కౌలుకు పట్టి ఒక్కతే నడుం విరగ్గొట్టుకుంటున్న మనిషి ఆమె. పందులు గుట్ట దిగితే మొదట కాలు పెట్టేది ఆమె చేలోనే. వరసకు మల్సూర్‌కు అక్క అవుతుంది. రోజూ తెల్లవారుజామునే మంచె ఎక్కి, నూనెడబ్బా మీద కట్టెతో వాయించి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి మందను తరిమేది. చేను చుట్టూ పాత చీరలు కట్టింది. ఆ మోతకు ఊళ్లో సగం మంది తిట్టుకుంటూ లేచేవారు గాని, మక్క మాత్రం చాలావరకు నిలిచింది.

మీటింగైన మర్నాడు మల్సూర్ ఆ చేనుకు పోయాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నాలుగు దిక్కులూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, ఈ డబ్బా కొట్టుడు బంజెయ్. చీరెలు గూడ తీసెయ్."

"అవి ఉంటెనే గదరా తమ్మీ బెదిరేది?"

"అదే తప్పు. బెదిరిన పంది రేంజ్‌ల నిలబడదు. ఈడ మనకేం భయంలేదని వాటికి నమ్మకం కుదరాలె. నమ్మి వచ్చి నిలబడ్డయనుకో, ఒక్కొక్క గుండుకు ఒక్కొక్కటి. నువ్వు పోయి ఇంట్ల నిమ్మలంగ పండుకో. నేనున్న గద."

"నువ్వున్నవంటే నాకేం రంధిరా," అంది ఈదమ్మ. ఆ సాయంత్రమే చీరలు విప్పి మడతపెట్టింది. డబ్బా కడిగి అందులో బియ్యం పోసుకుంది.

పందులకు నమ్మకం బాగానే కుదిరింది.

మల్సూర్ సూర్యాపేట పోయి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. పెట్టి బయటికొస్తుంటే మనసు ఎంత తేలికపడిందో చెప్పలేం. సర్కారు కాగితం మీద ఆయనకున్నంత విశ్వాసం ఇంకెవరికీ ఉండదు. అది ఇప్పట్లో రాదు. వచ్చేలోపు పందులే విసుగుపుట్టి ఇంకో మండలానికి పోతాయి. దారిలో విజయకు మల్లెపూలు కూడా కొన్నాడు పాపం.

కానీ యుగంధర్ ఊరుకోలేదు. వినాయక చవితికి నాలుగు రోజుల ముందు, "కోదాడల లక్ష్మణ్ అని ఒకాయన ఉన్నడట మామా, మంచి రైఫిల్ ఉన్నదట, సూసి రా," అని తరిమాడు. ఈ లక్ష్మణ్ నిజంగానే సుబేదార్‌గా దిగినవాడు. చిలుకూరు వైపు రెండూళ్లలో పందుల్ని కొట్టి చేలు కాపాడిన మనిషి. మాట తక్కువ. మల్సూర్ రాగానే బీరువా తెరిచి మూడు వందల పదిహేను బోరు రైఫిలు తీశాడు, లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకున్నాడు, తెచ్చి చేతిలో పెట్టాడు. మల్సూర్ ఎగాదిగా చూసి పెదవి విరిచాడు.

"ఇది మన దేశపు మాల్ గద. ట్రిగ్గర్ బరువు. నూటయాభై గజాలల్ల గుండ్లు చాటంత జాగల పడ్తయ్. నాకు గిలాసంత జాగల పడాలె."

లక్ష్మణ్ నవ్వలేదు. "మల్సూర్ గారూ, ఆ దూరానికి పందిని కొట్టడానికి ఏ పెద్ద బోరైనా సరిపోద్దండి. కొట్టాల్సిన చోటు అన్నం పళ్లెమంత ఉంటది. అలవాటైన తుపాకీ ఒకటి, ఎప్పుడూ ఒకే రకం గుండ్లు, నెలరోజుల సాధన. ఇవి ఉంటే చాలు. బోరు సంగతి ఆ తర్వాతండి," అన్నాడు. కోదాడ నీళ్లు తాగినవాళ్ల మాటల్లో అవతలి గట్టు ఆంధ్రా 'అండి' ఎంతో కొంత కలుస్తుంది. రైఫిలు తిరిగి అందుకుంటూ మెల్లగా అడిగాడు: "ఇంతకీ తమరు ఫౌజులో ఏ కంపెనీ అండి?"

మల్సూర్ అలవాటుగా ఆకాశం కోసం తలెత్తాడు. అక్కడ స్లాబు ఉంది.

"గదే... అడ్మిన్ దిక్కు," అన్నాడు.

లక్ష్మణ్‌కు అర్థమైందో లేదో గాని మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. "పోన్లెండి. లైసెన్సు నాకుంది, రైఫిలుంది. మీ పంచాయతీ కాగితం రాసిస్తే నేనే వస్తాను. ఓ వారం రోజులు కూర్చుంటే మంద సగం పడిపోద్ది. మీరు చెప్పిన ఆ పెద్దావిడ మక్క చేను నిలబడిద్ది. నాకేం ఇవ్వక్కర్లేదు, టీ పోయిస్తే చాలు."

చూడండి, ఎంత సులువుగా తీరిపోయే కథో! 'సరే' అన్న ఒక్క మాట చాలు. కానీ మల్సూర్ కళ్ల ముందు కనపడింది ఈదమ్మ చేను కాదు. ఊరంతా చుట్టూ మూగి లక్ష్మణ్ మెడలో దండలేస్తుంటే, వెనక వరసలో చేతులు కట్టుకొని నిలబడ్డ తాను.

"వద్దన్నా. నేనుండంగ పరాయూరోళ్లను పిలుస్తే మా ఊరి ఇజ్జత్ ఏంగావాలె?"

ఊరి ఇజ్జతట! పోయేది ఎవరి ఇజ్జతో మల్సూర్‌కు బాగా తెలుసు. బస్సు దిగి యుగంధర్‌కు మల్సూర్ చెప్పింది ఒక్కటే: "ఆ రైఫిల్ పనికిరాదు." మిగతా మాటలన్నీ బస్సులోనే వదిలేసి వచ్చాడు.

బతుకమ్మ నాటికి ఈదమ్మ చేలో కర్రలున్నాయి, కంకులు లేవు. విరిగిన కర్రల మధ్య నిలబడి ఆమె, "పోనీలే తమ్మీ. యాసంగికన్న నీ తుపాకి వస్తది గద," అంది. ఆ పూట మల్సూర్ అన్నం కలుపుతూనే కూర్చున్నాడు.

"ఇగనన్న చెప్పరాదు?" అంది విజయ.

"ఏమని చెప్పాలె? చెప్పినంక రేపటిసంది బజార్ల నడుస్తనా నేను?" అని కంచం తోసి లేచాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మన పెద్దలు ఊరికే పుట్టించలేదు. కాకపోతే మద్దెల ఓడన్నవాడి వల్ల మహా అయితే ఒక ఆట చెడుతుంది. ఇక్కడ చెడింది ఒక ముసలిదాని ఏడాది కూడు.

దసరా వెళ్లాక మిర్యాలగూడ ప్రయాణం. ఈసారి యుగంధర్ కూడా కారెక్కాడు. అక్కడ అరుంధతమ్మ అని ఒక రైసుమిల్లు యజమానురాలు ఉంది. ఆమె మామగారు ఏ కాలంలోనో మోజుపడి విదేశీ రైఫిలు ఒకటి కొన్నాడు. థర్టీ నాట్ సిక్స్ బోరు, పైన దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు. ఆయన పోయాడు, కొడుకూ పోయాడు, తుపాకీ మాత్రం ఇంకా పోలేదు. లైసెన్సు తిప్పించుకోవడం, భద్రంగా దాచడం, ఈ గోలంతా వదిలించుకోవాలని ఆమె ఎదురుచూస్తోంది. మిల్లు వెనక గదిలో బల్ల మీద గుడ్డ పరిచి దాన్ని పెట్టింది. నల్లగా, నున్నగా, చూస్తేనే నోరు మూతపడేలా ఉంది. మల్సూర్ నోరు మాత్రం మూతపడలేదు.

"దీనికి గుండ్లు దొరకవమ్మా."

"నాలుగు డబ్బాలున్నయన్నా, రసీదులతోని," అని ఆమె సొరుగు లాగింది.

"నాళం లోపల తుప్పు పట్టి ఉంటది."

"నెలనెలా నూనె పెట్టిస్తున్నం. లైటేసి సూడు."

లైటేసి చూశాడు. లోపల అద్దంలా మెరుస్తోంది. "స్కోపు మసకుంది," అన్నాడు. ఆమె కొంగుతో తుడిచింది. బయట తవుడు బస్తా మీద వాలిన పిచ్చుక కాళ్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడింది.

"భుజానికి ఆనిచ్చే కట్టె పొడుగైంది. నా చేతులు కురచ."

"ఎనక రబ్బరు తీస్తే తగ్గుతది మామా," అన్నాడు యుగంధర్.

మల్సూర్ కిటికీ దిక్కు చూశాడు. "గాలి..." అని మొదలుపెట్టాడు.

"గాలికి నేనేం చేస్తనన్నా?" అంది అరుంధతమ్మ.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. మల్సూర్ ఆఖరి అస్త్రం తీశాడు. "లైసెన్స్ రానియ్యుండ్రి. లైసెన్స్ లేనోడు తుపాకి తీస్కపోవుడు నేరం." ఆ గంటసేపట్లో ఆయన అన్న ఒకే ఒక్క నిజం అది. అందుకే చాలా గట్టిగా అన్నాడు.

కానీ దేవుడికి ఒక్కోసారి హాస్యం ఎక్కువవుతుంది. మాజీ సైనికుడు, చేల రక్షణ, పంచాయతీ తీర్మానం, ఇన్ని కలిసేసరికి కాగితం కదలడం కాదు, పరిగెత్తింది. సంక్రాంతి లోపలే లైసెన్సు చేతికొచ్చింది. మల్సూర్ జీవితంలో ఏ సర్కారు పనీ ఇంత తొందరగా కాలేదు. పింఛను కాగితం కూడా ఇంత తొందరగా రాలేదు. ఊళ్లో టపాసులు కాల్చారు. శివరాత్రికి వారం ముందు, కాగితాలన్నీ మారి, రైఫిలు కూడా వచ్చింది. మంచి పనికి పుణ్యమని అరుంధతమ్మ తక్కువ ధరకే ఇచ్చిందట. బస్‌స్టాండు దగ్గర యుగంధర్ ఫ్లెక్సీ కట్టించాడు. అందులో మల్సూర్ ఒక కన్ను మూసి గురిచూస్తున్నాడు, పక్కన యుగంధర్ రెండు కళ్లూ తెరిచి జనాన్ని చూస్తున్నాడు.

"ఒకసారి కాల్చి సూడరాదు మామా, గుట్ట దిక్కు?" అన్నాడు యుగంధర్.

"గుండ్లు ఖరాబ్ చేసుడెందుకు? నాకు చెయ్యి తెలుసు, తుపాకికి నేను తెలుసు," అన్నాడు మల్సూర్. లక్ష్మణ్ చెప్పిన నెలరోజుల సాధన సెల్‌ఫోను చూడటంతోనే ముగిసింది.

ఈలోపు ఈదమ్మ పల్లి చేను ఊడలు దిగి కాయ పట్టింది. పల్లికాయ రుచి పందులకు మనుషులకంటే బాగా తెలుసు. సగం చేను కిందామీదా చేసి పోయాయి. రేపు తెల్లవారి వేట అనగా ఈదమ్మ మల్సూర్ ఇంటికొచ్చి గడప దగ్గర కూర్చుంది. చంకలో తీగల చుట్ట ఉంది.

"ఇదేందక్కా?" అన్నాడు మల్సూర్.

"కరెంటు పెట్టేటందుకు. పక్కూరి నాగరాజును అడిగి తెచ్చుకున్న. రేపు నీ తుపాకి పేలితే సరే. పేలకపోతే మాపటికి సేను సుట్టూ ఇది కడ్త. మోటరు డబ్బలకెల్లి వైరిస్త."

"అక్కా, మతుండే మాట్లాడ్తున్నవా? ఆ గట్టెంబడే ఐలయ్య గొర్లు తోలుకోని పోతడు. కూలికి పోయే ఆడోళ్లు పోతరు. మనిషి సచ్చిపోతడు!"

"నేను సస్తలేనా మరి?" అంది ఈదమ్మ. గొంతు పెంచలేదు. "మక్క పాయె. ఇది గూడ పోతే కౌలు ఎట్ల కట్టాలె? నేనేం తినాలె? ఇగ నాకు ఎవ్వరి మీద పావురం, జాలి ఏం లేదు తమ్మీ."

ఆమె పోయాక మల్సూర్ మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. పందికి గుండు తగలకపోతే పరువు పోతుందన్న భయం ఒక్కటే ఇంతకాలం. ఇప్పుడు ఐలయ్య మొహం కళ్ల ముందు నిలబడింది.

తెల్లవారింది. గట్టు మీద జనం. హోటల్ బెంచీ మొత్తం తరలివచ్చింది. గొప్ప షాట్ చూపిస్తానని యుగంధర్ కోదాడ నుంచి లక్ష్మణ్‌ను కూడా పిలిపించాడు. మల్సూర్ మంచె ఎక్కాడు. ఈదమ్మ మంచె కింద నిలబడింది, తీగల చుట్ట అక్కడే గట్టు మీద పెట్టి. కంపచెట్లలోంచి మంద బయటికొచ్చింది. ముందు ఒక మగపంది, దూడంత ఉంది. వాటికి అక్కడ భయంలేదని నమ్మకం కుదిరి ఎన్నో నెలలైంది కదా, ఫోటోకు నిలబడ్డట్టు అడ్డంగా నిలబడింది. దూరం సరిగ్గా నూటయాభై గజాలు. గాలి లేదు. వెనకాల గుట్ట. వంక పెట్టడానికి ప్రపంచంలో ఇంకేం మిగల్లేదు.

మల్సూర్ స్కోపుకు కన్ను ఆనించాడు. ఆనించడమంటే నిజంగానే ఆనించాడు. ఒకసారి కాల్చినవాడెవడైనా కంటికీ గొట్టానికీ మధ్య బెత్తెడు జాగా వదులుతాడు. మల్సూర్ ఊపిరి బిగబట్టి, రెండు కళ్లూ మూసుకొని, ట్రిగ్గరు గుంజాడు.

గుట్ట అదిరింది. రైఫిలు వెనక్కి తన్ని, స్కోపు అంచు కనుబొమ్మ మీద కొడవలి గీత గీసింది. మల్సూర్ మంచె మీద వెల్లకిలా పడ్డాడు. మొహమంతా నెత్తురు. గుండు గుట్టలో ఎక్కడ దిగిందో ఈరోజుకీ తెలియదు. పందులు మాత్రం ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసి, నింపాదిగా కంపలోకి పోయాయి.

ఊరి ప్రేమ అంటే అప్పుడు చూడాలి! తలా ఒక వంక అందించారు. "గాలి మర్లింది, నేను సూసిన," అన్నాడొకడు. "స్కోపు తప్పు," అన్నాడింకొకడు. "మిర్యాలగూడ తుపాకే మంచిది కాదు. మామా, ఇంకో బోరు సూద్దాం. ఎంత దూరమన్న పోదాం," అన్నాడు యుగంధర్, రికార్డు ఆపమని సైగ చేస్తూ. లక్ష్మణ్ ఆ కనుబొమ్మ గాయం చూశాడు. చూసి, రుమాలు తీసి మల్సూర్ చేతికిచ్చాడు.

మల్సూర్ తప్పించుకున్నాడు. ఇంకో ఏడాది బోర్లు వెతుక్కోవచ్చు. ఊరు కారు పెట్టి మరీ తిప్పుతుంది. కానీ కింద ఈదమ్మ ఎవరి మాటా వినకుండా వంగి తీగల చుట్ట ఎత్తుకుంది, మోటరు డబ్బా దిక్కు నడిచింది.

"అక్కా! ఆగు!" మల్సూర్ మంచె మీంచి దూకినంత పని చేసి ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "తీగ కట్టకే అక్కా, నీ కాల్మొక్త. తప్పు తుపాకిది కాదు. నాకు కొట్టుడు రాదు. నేను ఫౌజుల వంటోన్ని. పదిహేడేండ్లు రొట్టెలే చేసిన."

ఎవరూ నమ్మలేదు. "దెబ్బకు మతి తప్పినట్టున్నది, దవాఖానకు తీస్కపోదాం," అన్నాడు యుగంధర్. నమ్మినవాడు ఒక్క లక్ష్మణే. పాపం ఆయన గొడవ సర్దుదామనే ముందుకొచ్చాడు.

"పోన్లెండమ్మా, తీగలొద్దు. నేను ఈ వారమంతా ఇక్కడే కూర్చుంటాను. వినాయక చవితికే వస్తానన్నా కదా, అప్పుడు ఈయనే వద్దన్నారు."

ఈదమ్మ చేతిలో తీగల చుట్ట జారింది. ఆమె లక్ష్మణ్‌ను చూడలేదు, మల్సూర్‌ను చూసింది.

"చవితికా? నా మక్క అప్పుడు సేన్లనే ఉండె గదరా."

"ఉండె."

"వస్తనన్నడా?"

"అన్నడక్కా. నేనే వద్దన్న."

"నన్ను డబ్బా కొట్టొద్దంటివి. చీరెలు ఇప్పిస్తివి."

మల్సూర్ కనుబొమ్మ నెత్తురు గడ్డం దాకా కారుతున్నా రుమాలు చేతిలోనే ఉంది.

"ఊరంత మేసిన పందులు నీ పరువొక్కటే ముట్టలే గద తమ్మీ," అంది ఈదమ్మ.

హోటల్ బెంచీ వాళ్లలో ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ జనం మధ్య మల్సూర్ గట్టు మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా బావురుమన్నాడు. ఆమె కాలితో తన్ని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఈదమ్మ వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. పందులు తవ్విపోసిన మట్టిలోంచి ఒక పల్లి చెట్టు లాగి, కాయలన్నీ కొరికిన ఆ ఉత్త చెట్టును ఒళ్లో పెట్టుకొని ఆమె కూడా ఏడ్చింది. ఆమె ఏడ్చింది మల్సూర్ కోసం కాదు, చేను కోసం.